కంచెలోని వామన వృక్షము

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల పల్లెలలో దొడ్డికి కంచె కట్టుట పూర్వమునుండి వచ్చుచున్న అలవాటు. కొందరు తాటికమ్మలతో దడి కట్టుదురు. అది ఎండకు ఎండి, వానకు చివికి, కొలది కాలమునకే మరల కట్టుకొనవలసి యుండును. కొందరు మొక్కలనే దగ్గరదగ్గరగా వరుసకట్టి నాటి, ప్రాణమున్న కంచెను పెంచుదురు. గోరింట, వాక్కాయ, సీమచింత, నూరువరహాలు, కాగితపుపూల మొక్క ఇట్టి కంచెలకు అనుకూలమైనవి. వాక్కాయ ముండ్లను చూచి పశువులు వెనుదిరుగును. దాని పుల్లని కాయలు పప్పులోనికిని, పచ్చడిలోనికిని పనికివచ్చును. గోరింటాకు ఆషాఢమాసమున ఆడపిల్లల అరచేతులను పండించును. సీమచింత మెక్సికో ప్రాంతమునుండియు, కాగితపుపూల మొక్క బ్రెజిలు దేశమునుండియు సముద్రములు దాటి వచ్చినవే. అయినను నేడవి ఈ నేలలో పుట్టినవానివలెనే కలసిపోయినవి.

కంచెమొక్కకు స్వేచ్ఛగా పెరుగు భాగ్యము లేదు. ఏటికి రెండు మూడు మారులు కత్తియో కత్తెరయో దానిపై పడును. తలయెత్తిన కొమ్మ తెగును. దారికి అడ్డువచ్చిన రెమ్మ తెగును. ముప్పది యేండ్లు గడచినను పొద మనిషి నడుమెత్తు దాటదు. చూచువారికి అది చిన్న మొక్కవలెనే తోచును. కాని ఆకులను చేతితో తొలగించి మొదటివైపు వంగి చూచినచో సంగతి తెలియును. మొదలు ముంజేతి లావున నుండును. బెరడు పగిలి ముడుతలు పడియుండును. పాత నరుకులు మానిన చోట్ల బుడిపెలు కట్టియుండును. వేళ్లు నలువైపుల నేలను గట్టిగా పట్టుకొని యుండును. అది చిన్న మొక్క కాదు. ఎత్తు పెరుగనీయని పెద్ద చెట్టు.

నేడు పలుచోట్ల కంచెలు పోయి ఇటుక గోడలు లేచుచున్నవి. గోడకు పునాది త్రవ్విననాడు ఆ మొక్కలను గునపముతో పెకలించి ఒక మూల కుప్పవేయుదురు. ఎండిన పిమ్మట అవి పొయ్యిలోనికి పోవును. తాత నాటి, తండ్రి కత్తిరించి పెంచిన మొక్క ఒకటి రెండు పూటల వంటకు సరిపోవును. అట్టి మొదలునొకదానిని పొయ్యినుండి తప్పించి, పళ్లెములో నిలిపి, మరల చెట్టుగా బ్రతికించు విద్య యొకటి కలదు. దానిని బోన్సాయి అందురు. తెలుగున వామన వృక్షమనియు వ్యవహరింతురు.

బోన్సాయి అనునది జపాను భాషాపదము. ‘బోన్’ అనగా లోతులేని పళ్లెము. ‘సాయ్’ అనగా నాటుట. ఈ విద్యకు మూలము చైనా దేశము. అచ్చట క్రీ. శ. 706వ సంవత్సరమునకు చెందిన జాంగ్‌హువాయ్ రాకుమారుని సమాధి గోడలపై, చిన్న మొక్కలును రాళ్లును అమర్చిన పళ్లెములను మోయుచున్న పరిచారకుల చిత్రములు కానవచ్చును. చైనానుండి ఈ విద్య జపానునకు చేరి, అచ్చట మిక్కిలి వృద్ధినొందెను. 1923లో టోక్యో ప్రాంతమును మహాభూకంపము నేలమట్టము చేయగా, అచ్చటి పెంపకందారులు కొందరు తమ చెట్లతో ఓమియా అను చోటికి తరలిపోయి, 1925లో ఒక బోన్సాయి గ్రామమునే ఏర్పరచుకొనిరి. ఆ గ్రామము నేటికిని కలదు.

జపానీయులు మొదట ఇట్టి చెట్లను కొండలపై వెదకెడివారు. రాతి పగుళ్లలో మొలచి, గాలికి వంగి, మంచుబరువునకు కొమ్మలు విరిగి, నూరేండ్లు గడచినను మోకాలెత్తు పెరుగని చెట్లు అచ్చట లభించెడివి. కొండమీద గాలియు మంచును చేసిన పనినే దొడ్డిలో కత్తెర చేయును. కావున పాత కంచెమొక్క కొండచెట్టుతో సమానమైన ముడిసరుకు. కంచెయుండగా కొండకు పోవలసిన పనియును లేదు. అడవులలో చెట్లను త్రవ్వుట చట్టమునకు విరుద్ధము, అడవికిని కీడు. పోవనున్న కంచెనుండి మొక్కను తెచ్చుకొనినవాడు ఎవరి సొత్తును హరింపడు. పైగా పోవు ప్రాణమును నిలిపినవాడగును.

ఇన్ని మారులు నరికినను కంచెమొక్క ఏల చావదను ప్రశ్న కలుగవచ్చును. దీనికి సమాధానము ఉద్దానము కొబ్బరితోటలలో దొరకును. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను శ్రీకాకుళము జిల్లాలో పలాస సమీపమున తీరము దాటినప్పుడు ఉద్దానమున కొబ్బరి, జీడిమామిడి తోటలు పెక్కు కూలిపోయెను. కొబ్బరిచెట్టునకు పెరుగుదల అంతయు తలలోని మొవ్వునందే యుండును. మొవ్వు విరిగినచో ఆ చెట్టు మరల చిగురింపదు. గోరింట, సీమచింతల వంటి చెట్ల సంగతి అట్లుకాదు. వానికి బెరడు క్రింద పొడవునను నిద్రించు మొగ్గలు ఉండును. కొమ్మకొనయందు తయారగు ఆక్సిన్ అను పదార్థము క్రిందికి దిగుచు, ఆ మొగ్గలను మేలుకొననీయదు. కొన తెగినప్పుడు ఆ అడ్డు తొలగును. నిద్రించు మొగ్గలు మేలుకొని ఒక్క కొమ్మకు బదులు నాలుగు రెమ్మలు వచ్చును. కంచె దట్టమగుటకును, మోడైన మొదలు మరల చెట్టగుటకును ఇదియే కారణము.

ప్రతి కంచెమొక్కయు ఈ పనికి తగదు. మొదలు లావుగా ఉండి, పైకి పోవుకొలది సన్నగిలవలెను. వేళ్లు ఒకే వైపునకు గాక చుట్టును పరచుకొని యుండవలెను. నేలకు జానెడెత్తులోపలనే కొమ్మలు వచ్చుట మేలు. ఆకు చిన్నదై యుండవలెను. పళ్లెములో పెంచినప్పుడు ఆకు కొంత చిన్నదగును గాని పువ్వును కాయయు అంతగా చిన్నవి కావు. కావున చిన్న ఆకును చిరుపువ్వును గల గోరింట, చిన్న కాయలు కాయు వాక్కాయ మిక్కిలి అనువైనవి. మొదలు బ్రతికియున్నదో లేదో తెలియుటకు బెరడును గోటితో కొద్దిగా గీరి చూడవలెను. లోపల పచ్చగా తడిగా నున్నచో ప్రాణమున్నట్లు తెలియవలెను.

మొక్కను తీయుటకు కాలము ముఖ్యము. రోహిణి కార్తెలో రోళ్లు పగులునని సామెత. ఆ ఎండలో వేళ్లు తెగిన మొక్క నిలుచుట దుర్లభము. మృగశిర కార్తె ప్రవేశించి, రెండు మూడు మంచి వానలు పడి, గాలిలో చెమ్మ నిండిన పిమ్మట తీయుట ఉత్తమము. కాని గోడపనులు తరచుగా వేసవియందే మొదలగును. అప్పుడు ఇంటిపెద్దలను వేడుకొని, నచ్చిన రెండు మూడు పొదలను వానలు పడువరకు వదలివేయింపవలెను. మేస్త్రి విసుగుకొనవచ్చును. ఆ ఒక్క నెల ఓపికతోనే మొక్క ప్రాణము ముడిపడి యున్నది. గోడ ఆగుటకు వీలులేనిచో, సాయంకాలమున త్రవ్వి, వేళ్లచుట్టును మట్టిని వీలైనంత పెద్ద గడ్డగా తీసి, నీడకు చేర్చవలెను.

త్రవ్వుటకు ముందునాడు మొదటిలో నీరు నిండుగా పోయవలెను. పొదను పైన నరికి, జానెడు మొదలు మొదలు మూరెడు మొదలు వరకు, దాని లావును బట్టి ఉంచుకొనవలెను. మొదలుచుట్టు జానెడు దూరమున పారతో కాలువవలె త్రవ్వి, అడ్డువచ్చిన లావు వేళ్లను రంపముతో కోయవలెను. గునపముతో ఎత్తి చీల్చరాదు. చీలిన వేరు కుళ్లును. నున్నగా కోసిన వేరు మానును. నీటిని పీల్చునవి లావు వేళ్లు కావు, వెండ్రుకల వంటి సన్నని వేళ్లు. వానిని ఎన్ని కాపాడిన అంత మేలు. కాగితపుపూల మొక్క వేళ్లు మిక్కిలి సుకుమారమైనవి. దాని మట్టిని దులుపరాదు. తీసిన మొదలును తడిగోనెలో చుట్టి, ఆ పూటయే నాటవలెను. పెద్ద కోతలకు తోటలలో వాడు బోర్డో ముద్దను పూయుదురు.

తీసిన వెంటనే పళ్లెములో నాటరాదు. మొదటి యేండ్లు దానికి వెడల్పైన మట్టితొట్టియో, కొయ్యపెట్టెయో కావలయును. అడుగున నీరు పోవుటకు రంధ్రములు తప్పక ఉండవలెను. ఎర్రమట్టి ఒక పాలు, గరుకు ఇసుక ఒక పాలు, చిన్నగా కొట్టిన ఇటుకముక్కలు ఒక పాలు కలిపి, జల్లించి, మెత్తని దుమ్మును తీసివేయవలెను. నాగావళి, వంశధార వంటి నదుల ఇసుక మంచిది. సముద్రపు ఇసుకయందు ఉప్పు ఉండును గావున పనికిరాదు. మొదలు కదలకుండ తొట్టికి త్రాటితో బిగించి కట్టవలెను. గాలికి మొదలు ఊగినచో అప్పుడే పుట్టుచున్న లేతవేళ్లు తెగిపోవును. తొట్టిని నీడలో ఉంచి, మట్టి ఆరిపోకుండ, బురద కాకుండ చూచుకొనవలెను. ఎరువు వేయరాదు.

రెండు మూడు వారములకు మొదలుపై ఎర్రని చిగుళ్లో పచ్చని చిగుళ్లో పొటమరించును. పెంచినవాని సంతోషమునకు మేర యుండదు. మొక్క బ్రతికినదని అందరికి చెప్పును. దానిని నీడనుండి ఎండలోనికి తెచ్చును. బలము కొరకు పేడయెరువు వేయును. కొందరు వేళ్లు వచ్చినవో లేదో చూచుటకు మొక్కను పెకలించియు చూతురు. పదిదినములలో చిగుళ్లు వాడి వ్రేలాడును. మరికొన్ని దినములకు మొదలు ఎండిపోవును. తప్పు ఎచ్చట జరిగినదో వారికి తెలియదు.

ఆ మొదటి చిగురు వేళ్లు పంపిన చిగురు కాదు. చెట్టు తన కాండములో పూర్వము దాచుకొనిన ఆహారముతో పెట్టిన చిగురు. అది కరవునాటి కుటుంబము గాదెలోని గింజలతో వండుకొనిన అన్నము వంటిది. పొలము ఇంకను పండలేదు. ఆకులు పెరుగుకొలది అవి గాలిలోనికి నీటిని విడుచును. ఆ నీటిని తెచ్చిపెట్టు వేళ్లు లేనప్పుడు మొక్క తన చిగురు చేతనే అలసిపోవును. లేతయాకులు ముదిరి గట్టిపడి, రెమ్మలు ఆగక జానెడు సాగి, తొట్టి రంధ్రములవద్ద తెల్లని వేళ్లు కనబడినప్పుడే మొక్క బ్రతికినట్లు. అప్పుడు దానిని ప్రాతఃకాలపు ఎండకు, పిమ్మట పూర్తి ఎండకు మెల్లగా అలవాటు చేయవలెను. ఆ మొదటి యేడు కత్తెరను ముట్టరాదు. ముప్పది యేండ్లు కత్తెరక్రింద బ్రతికిన మొక్కకు ఒక్క యేడైనను ఇష్టము వచ్చినట్లు పెరుగుటకు అనుమతి ఈయవలెను. ఆ స్వేచ్ఛయే దాని వేళ్లకు బలము.

రెండవ యేట రూపము దిద్దుట మొదలగును. మొదలును నలువైపుల త్రిప్పి చూచి, వేళ్లును వంపును చక్కగా కానవచ్చు ముఖమును నిర్ణయింపవలెను. పది రెమ్మలలో నాలుగైదు ఉంచి తక్కినవి తీసివేయవలెను. క్రింది కొమ్మ పొడవుగను, పై కొమ్మలు క్రమముగా పొట్టిగను ఉన్నచో పెద్ద మర్రిచెట్టును దూరమునుండి చూచినట్లుండును. ముదిరిన మొదలు వంగదు, లేతరెమ్మలే వంగును. వానికి అల్యూమినియము తీగను ఏటవాలుగా చుట్టి మెల్లగా వంచుదురు. తీగ బెరడులోనికి దిగకముందే విప్పవలెను. దక్షిణ చైనాలోని లింగ్నాన్ సంప్రదాయమువారు తీగను అంతగా నమ్ముకొనరు. కొమ్మను కావలసినంత లావగువరకు పెరుగనిచ్చి, కావలసిన దిక్కునకు తిరిగిన మొగ్గపైన నరికి, క్రొత్త రెమ్మను ఆ దిక్కునకు పోనిత్తురు. శీఘ్రముగా పెరుగు ఉష్ణదేశపు మొక్కలకు ఈ పద్ధతి బాగుగా కుదురును. కత్తెర యొక్కటి ఉన్నచో చాలును గావున విద్యార్థులకును సులభము.

విజయనగరము జిల్లాలోని బొబ్బిలి వీణ లోకప్రసిద్ధము. ఒకే పనసదుంగను తొలిచి వీణను చేయుట అచ్చటి పనివారి ప్రత్యేకత. ఉలి ఎచ్చట దిగవలెనో వారు కొయ్యను చూచి నిర్ణయింతురు. చెట్టుకు రూపము దిద్దువాడును ముందు చూడవలెను; పిమ్మట కోయవలెను. కాని ఇద్దరికిని ఒక భేదము కలదు. వీణ పూర్తియైననాడు పని ముగియును. కొయ్య పెరుగదు, మార్పు చెందదు. చెట్టు పని ఎన్నడును పూర్తికాదు. పెంపకందారు ఒక కొమ్మను కోసినచో, చెట్టు తనకు తోచిన చోట మరియొక కొమ్మను పెట్టును. ఆ పనిలో సగము చెట్టుదే.

మూడు నాలుగు యేండ్లకు కొమ్మలు కుదిరినపిమ్మట, వానకాలారంభమున మొక్కను లోతులేని పళ్లెములోనికి మార్చుదురు. రంధ్రములపై జల్లెడవంటి వలముక్కను పరచి, వేళ్లలో మూడవవంతు కత్తిరించి, క్రొత్తమట్టిలో నాటుదురు. రెండేండ్లకు ఒకమారు ఇట్లు మట్టిని మార్చుట వాడుక. పళ్లెములో మట్టి తక్కువ గావున వేసవిలో ఉదయము, సాయంకాలము రెండుపూటల నీరు అవసరము కావచ్చును. వ్రేలితో మట్టిని తాకి చూచి నీరు పోయుట మంచి అలవాటు. పెరుగు కాలములో నానబెట్టిన తెలగపిండి తేటను పలుచన చేసి అప్పుడప్పుడు పోయుదురు. మొక్కను ఇంటిలోపల అలంకారముగా ఉంచరాదు. అది చెట్టు గావున దానికి ఎండయు గాలియు కావలయును. తుపాను వచ్చునని తెలిసినప్పుడు మాత్రము ఎత్తి వసారాలోనికి చేర్చవచ్చును. పెద్దచెట్లకు ఆ సదుపాయము లేదు.

చెట్టును ఆకలితో మాడ్చి పొట్టిగా చేయుదురని కొందరి అభిప్రాయము. అది సత్యము కాదు. ఆకలిగొన్న చెట్టు చిగురింపదు. చిగురింపని చెట్టుకు రూపము దిద్దుట సాధ్యము కాదు. ఏపుగా పెరుగు చెట్టునే కత్తిరించి పొట్టిగా ఉంచుదురు. చెట్టును ఇట్లు కట్టడి చేయుట క్రూరము కాదా యని మరికొందరు అడుగుదురు. అది ఆలోచింపదగిన ప్రశ్నయే. నేలలో హాయిగా పెరుగుచున్న చెట్టును పెరికి పళ్లెములో బంధించినచో ఆ నింద తగును. మరునాడు పొయ్యిలో కాలిపోవు మొదలు విషయమున న్యాయము వేరు. కాని దానిని తెచ్చుకొనినవానిపై ఒక బాధ్యత పడును. నేలలోని చెట్టు తన నీటిని తానే వెదకుకొనును. పళ్లెములోని చెట్టు అట్లు చేయజాలదు. మే నెలలో రెండు దినములు ఊరికి పోయి మరచినచో, ఎన్ని యేండ్ల చెట్టైనను ఎండిపోవును.

ఈ బాధ్యత ఎంత దూరము పోగలదో తెలుపు చెట్టు ఒకటి అమెరికా రాజధాని వాషింగ్టను నగరమునందలి జాతీయ వృక్షోద్యానములో కలదు. అది జపాను దేశపు తెల్లపైను చెట్టు. 1625 నుండి పళ్లెములో పెరుగుచున్నది. దానిని హిరోషిమా నగరమున యమాకి వంశీయులు తరతరములుగా పెంచిరి. 1945 ఆగస్టు 6వ తేదీన ఆ నగరముపై అణుబాంబు పడెను. వారి యిల్లు బాంబు పడిన చోటికి సుమారు మూడు కిలోమీటర్ల దూరముననే యున్నది. దొడ్డిగోడ చాటున నున్న ఆ చెట్టు బ్రతికెను. 1976లో అమెరికా తన రెండువందల యేండ్ల పండుగ చేసికొనినప్పుడు, జపాను పంపిన బోన్సాయి చెట్లతోపాటు, మసారు యమాకి ఈ చెట్టును ఆ దేశమునకే కానుకగా ఇచ్చెను. అది హిరోషిమానుండి బ్రతికివచ్చినదని అచ్చటివారికి చాలకాలము తెలియదు. 2001లో ఆయన మనుమలు చెట్టును చూడవచ్చి చెప్పగా ఆ సంగతి వెల్లడియయ్యెను. అంతవరకును ఆ తోటవారు దానికి నీరు పోయుచునే యుండిరి.

మూడువందల యేండ్లకు పైగా ఒక చెట్టు పళ్లెములో నిలిచినదనగా, ఏ ఒక్క దినమును ఎవరో ఒకరు దానిని మరువలేదని అర్థము. ఒకరి చేయి అలసినప్పుడు మరియొకరి చేయి అందుకొనెను.

ఎనిమిదవ తరగతి విద్యార్థి యొకడు ఈ యేటి తొలివానలలో తన దొడ్డికంచెనుండి ఒక గోరింట మొదలును తీసి తొట్టిలో నాటినచో, అతడు పాఠశాల విడుచునాటికి దానికి కొమ్మలు కుదురును. అతడు ఉద్యోగములో చేరునాటికి అది చెట్టుగా కానవచ్చును. దాని తెల్లని పూలగుత్తుల పరిమళము వసారా అంతట నిండును. ఆ మొదలును నాటిన తాత అప్పటికి ఇంట లేకపోవచ్చును. కంచెయును ఉండదు. ఆయన నాటిన చెట్టు మాత్రము మనుమని వసారాలో నీరు త్రాగుచుండును.

ప్రశ్నలు

1. పాత కంచెమొక్కకును కొండచెట్టుకును గల పోలిక యేమి?
2. మొవ్వు విరిగిన కొబ్బరిచెట్టు చిగురింపదు. నరికిన గోరింట చిగురించును. కారణమేమి?
3. మొదటి చిగురును చూచి మొక్క బ్రతికినదని అనుకొనరాదు. ఏల?
4. బొబ్బిలి వీణ చేయుటకును చెట్టుకు రూపము దిద్దుటకును గల భేదమును వ్రాయుము.
5. చెట్టును పళ్లెములో పెంచుట క్రూరమా? మీ అభిప్రాయమును కారణములతో తెలుపుడు.